పేజీ రాలేదండీ

తాళం తిప్పుతుండగానే లోపల ఫోను మోగుతోంది. దేవిశ్రీ తలుపును భుజంతో తోసి, లైటైనా వేయకుండా బల్లల మధ్య నుంచి వెళ్ళి రిసీవరు ఎత్తింది.

"పేజీ రాలేదండీ," అన్నాడు పోలరాజు.

"ఇప్పుడే వచ్చానండి. ఏక్ మినట్ ఆగండి."

"పర్లేదండి. లైన్లోనే ఉంటాను."

ఆమె రిసీవరును చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుని, శాలువా తీయకుండానే కుర్చీలో కూర్చుంది. గేటు కాపలా ముసలయ్య తెల్లారగానే మెయిన్ వేస్తాడు. కరెంటు రాగానే కంప్యూటరు తనంతట తానే లేచి, పేరూ పాస్‌వర్డూ అడిగే చోటికి వచ్చి ఆగిపోతుంది. అక్కణ్ణించి దాన్ని ముందుకు నడిపే మనిషి ఆ కార్ఖానాలో ఆమె ఒక్కతే. చలికి కొంకర్లు పోయిన వేళ్ళతో ఒకసారి తప్పు కొట్టింది, మళ్ళీ కొట్టింది. తెర మీద నల్ల కిటికీ ఒకటి తెరుచుకుంది. అందులో ఒక లైను రాసి ఎంటర్ నొక్కితే తెల్లటి అక్షరాలు కొన్ని వచ్చి నిలబడ్డాయి.

"లేచిందండి. ఇప్పుడు చూడండి."

"చూత్తన్నాను."

ఆదిత్యపూర్‌లోని ఆ కార్ఖానా నుంచి విశాఖపట్నం వెళ్ళే కంప్యూటరు లైను సన్నటిది. పేజీ అవతల ఒక్కసారిగా తెరుచుకోదు. పైనుంచి కిందికి ఒక్కో వరసా దిగుతూ, మధ్యలో ఆగుతూ, మళ్ళీ దిగుతూ వస్తుంది. అది పూర్తిగా వచ్చేదాకా అతను ఫోను పెట్టడు. ఈమె కూడా పెట్టమనదు.

"మీకు బాగా చలేనా అండి?"

"చలే. బైట ఒకటే కుహాసా. బ్రిడ్జి మీద ముందు బండి కూడా కనబడలేదు."

"కుహాసా అంటే ఏటండి?"

"అదే... తెల్లగా, పొగలాగ ఉంటాది కదా, పొద్దున్న."

"మంచు."

"మంచంటే బరఫ్ కదండి, గడ్డకట్టేది?"

"బరఫ్ అంటే మళ్ళీ ఏటో," అని నవ్వాడు పోలరాజు. "మా కాడ రెండూ లేవు లెండి. చలికాలం వత్తే ఒక స్వెట్టరు కొంటాం, దాన్ని అలగే మడత పెట్టి దాచుకుంటాం."

దేవిశ్రీ కూడా నవ్వింది. సీతారాండేరా బస్తీలోని తన ఇంట్లో అమ్మతో తప్ప ఆమె తెలుగు ఎవరితోనూ మాట్లాడదు. ఇంటి బయట వీధికీ బస్సుకీ కార్ఖానాకీ హిందీయే. తన తెలుగులో సగం హిందీ ఉందని అతను చెప్పేదాకా ఆమెకు తెలియలేదు. ఇప్పుడు పొద్దున్న బస్సులో కూర్చుని, ఇవాళ చెప్పబోయే మాటల్ని ముందే తెలుగులో పేర్చుకుంటోంది. తీరా ఫోను ఎత్తాక అవి ఒక్కటీ గుర్తుకు రావు.

ఆ కార్ఖానాలో పెద్ద క్రేన్లకు చక్రాలు, పళ్ళచక్రాలు చేస్తారు. విశాఖపట్నంలో క్రేన్లు బాగుచేసే ఒక కాంట్రాక్టు కంపెనీ వాటిని కొంటుంది. పోలరాజు ఆ కంపెనీ స్టోర్సులో గుమాస్తా. ఏ చక్రం తయారైంది, ఏది లారీ ఎక్కింది, ఏది ఇంకా లేతు మీదే ఉంది అన్నది పొద్దున్నే తెలిస్తే, ఆ రోజు ఏ క్రేను విప్పాలో అక్కడ తేల్చుకుంటారు. ఇదివరకు సాయంత్రం ఫాక్సు పంపేవారు. సగం అక్షరాలు నల్లగా అలుక్కుపోయేవి. దేవిశ్రీ ఒక పుస్తకం కొనుక్కుని, పెర్ల్ అనే కంప్యూటరు భాష నేర్చుకుని, కొద్ది పేజీల ప్రోగ్రాము రాసింది. విశాఖలో కూర్చుని అడ్రసు కొడితే అది ఇక్కణ్ణించి జవాబు చెబుతుంది. నల్ల కిటికీ తెరిచి ఉన్నంతసేపే చెబుతుంది. కిటికీ మూసినా, ఆమె పేరు మీద తెరిచిన కంప్యూటరులోంచి ఆమెను బయటికి పంపినా, ఆ క్షణమే నోరు మూసుకుంటుంది.

"వచ్చీసిందండి," అన్నాడు పోలరాజు. "పెద్ద చక్రాలు అన్నీ ఎక్కీసినట్టే కదా?"

"ఎక్కేశాయి. నిన్న సాయంత్రమే."

"మరి ఉంటానండి."

"ఊఁ."

అతను పెట్టేశాక కూడా ఆమె రిసీవరును కాసేపు అలాగే పట్టుకుని కూర్చుంది. తర్వాత లేచి లైటు వేసింది.

మధ్యాహ్నం ఆమె చక్రాల తూకాలు తెచ్చుకోవడానికి స్టోర్సుకు వెళ్ళింది. తిరిగి వచ్చేసరికి ఆమె కుర్చీలో భార్గవ్ ఉన్నాడు. యజమాని సూర్యప్రకాశ్ గారి కొడుకు. చదువైపోయి ఈమధ్యనే కార్ఖానాకు రావడం మొదలుపెట్టాడు. తన మెయిలు చూసుకోవడానికి ఆమె పేరు మీద ఉన్నదాన్ని మూసేసి, తన పేరుతో తెరుచుకున్నాడు. నల్ల కిటికీ లేదు.

"భార్గవ్ భయ్యా, వో విండో..." అని ఆమె అంటుండగానే సూర్యప్రకాశ్ గారు తన గదిలోంచి బయటికొచ్చారు. లేతుల దగ్గర్నుంచి వచ్చిన సూపర్‌వైజరు గణపతిరావు చేతిలో డ్రాయింగులతో పక్కకి జరిగాడు.

"ఏం దేవీ, విశాఖ నుంచి ఫోను. పేజీ లేదట. ఎక్కడికెళ్ళావు?" అని హిందీలో గద్దించారాయన.

"స్టోర్సుకి సార్."

"నువ్వు స్టోర్సుకెళ్తే పేజీ పోతుందా? రేపు నీకు జ్వరమొస్తే నేను ఫాక్సు బయటికి తీసుకోవాలా? మనిషి కుర్చీలో ఉంటేనే నడిచేదాన్ని సర్వరంటారా ఎక్కడైనా?"

దేవిశ్రీ భార్గవ్ వంక చూసింది. అతను తెర వైపే చూస్తూ మౌసు చక్రాన్ని వేలితో పైకీ కిందికీ తిప్పుతున్నాడు. ఒక్క మాట అంటే సరిపోతుంది. ఆ మాట అతనే అంటాడేమోనని ఆమె ఆగింది. గణపతిరావు కూడా ఆగాడు. భార్గవ్ మౌసు చక్రం తిప్పుతూనే ఉన్నాడు.

"సోమవారానికి ఇది మనిషి లేకుండా నడవాలి," అన్నారు సూర్యప్రకాశ్ గారు. "నీ వల్ల కాకపోతే చెప్పు. కోల్‌కతా నుంచి మనుషుల్ని పిలిపిస్తాను. వాళ్ళొస్తే ఇదంతా తీసేసి వాళ్ళ పద్ధతిలో కొత్తగా పెడతారు. నీ ఇష్టం."

"నేనే చేస్తాను సార్," అంది.

మనిషి లేకుండా నడిచే మార్గం ఉందని ఆమెకు తెలుసు. కంప్యూటరు లేవగానే, ఎవరూ పేరు కొట్టకముందే, తెర వెనక మొదలైపోయే పనులు కొన్ని ఉంటాయి. వాటిని సర్వీసులంటారు. అవి ఏ మనిషి పేరు మీదా నడవవు. ఎవరు వచ్చి కూర్చున్నా, ఎవరు లేచి వెళ్ళినా వాటికి పట్టదు. తన ప్రోగ్రామును కూడా వాటిలో ఒకటిగా చేర్చాలి. ఒక కంప్యూటరు పత్రికతో వచ్చిన సీడీలో అందుకు పనికొచ్చే చిన్న సాధనం ఉంది. ఆ సీడీ చాలాకాలంగా ఆమె సొరుగులోనే ఉంది. ఇన్నాళ్ళూ దాన్ని ఎందుకు తీయలేదో ఆమె తనను తాను అడగలేదు.

మర్నాడు పోలరాజు ఫోను పెట్టేశాక సీడీ తీసింది. సాధనం చెప్పినట్టే చేసింది. సర్వీసుల వరసలో తన ప్రోగ్రాము పేరు కనిపించింది. మొదలుపెట్టమని నొక్కితే మొదలైందని చూపించి, రెప్పపాటులో ఆగిపోయిందని చూపించింది. మళ్ళీ నొక్కింది. మళ్ళీ అంతే. అదే ప్రోగ్రాము నల్ల కిటికీలో నడిపితే చక్కగా నడుస్తోంది.

పగలంతా మిగతా పని మధ్య దానితోనే కుస్తీ పట్టింది. షెడ్డులో లేతులు తిరుగుతున్నాయి. గది తలుపు తెరిచినప్పుడల్లా కోత నూనె వాసన, వేడెక్కిన ఇనుము వాసన లోపలికొచ్చి కాసేపుండి పోతున్నాయి. తెచ్చిపెట్టిన టీ చల్లారి మీద మీగడ కట్టింది. ఆగిపోయే ముందు తనకేం కనిపించిందో ఒక ఫైలులో రాసి చావమని ప్రోగ్రాములో నాలుగు వరసలు కలిపింది. అది రాసింది: చక్రాల లిస్టు కనపడలేదు.

లిస్టు ఉండేది స్టోర్సులోని మరో కంప్యూటరులో. దేవిశ్రీ తన పేరు కొట్టి లోపలికి వెళ్ళగానే, ఆ లిస్టుకు దారి ఆమె కోసం తెరుచుకుంటుంది. రోజూ ఎదురుగా కనిపిస్తుంది కాబట్టి అది ఎప్పుడూ అక్కడే ఉంటుందనుకుంది. సర్వీసు ఏ మనిషి పేరు మీదా నడవదు. ఆమె లోపల ఉన్నా సరే, ఆ దారి దానికి తెరుచుకోదు. చీకట్లో తడుముకుని, ఏమీ దొరక్క చతికిలబడిపోతోంది. అది అర్థమయ్యాక ఆమెకు ఆ ప్రోగ్రాము మీద కొంచెం జాలి వేసింది కూడా.

శుక్రవారం నాటికి, స్టోర్సు కంప్యూటరే లిస్టును తెచ్చి ఈ కంప్యూటరులో పడేసేలా మార్చింది. ఇప్పుడు వెతుక్కోవలసిందేమీ లేదు. నొక్కింది. మొదలైందని చూపించింది. ఊపిరి బిగబట్టి చూస్తూ కూర్చుంది. ఆగిపోలేదు. తన పేరు మూసేసి బయటికొచ్చి, యార్డు దాటి స్టోర్సులోకి వెళ్ళి, అక్కడి కంప్యూటరులో అడ్రసు కొట్టింది. పేజీ నిండుగా వచ్చింది. ఆ గదిలో గ్రీజు డబ్బాల మధ్య నిలబడి, ఎవరూ చూడకుండా చున్నీ అడ్డం పెట్టుకుని నవ్వుకుంది.

తిరిగి తన కుర్చీలోకి వచ్చాక ఒక్కటే మిగిలింది. ఆ సర్వీసు ఎలా మొదలవ్వాలన్నది ఒక చిన్న గడిలో చెప్పాలి. ఆటోమేటిక్ అంటే పొద్దున్న ముసలయ్య మెయిన్ వేయగానే అదే లేచిపోతుంది. మాన్యువల్ అంటే ఎవరో వచ్చి లేపేదాకా ఆగుతుంది.

ఆటోమేటిక్ అన్న మాట మీద బాణం గుర్తు పెట్టి ఆగింది. పొద్దున్నే తాళం తీస్తుంటే ఫోను మోగని గది ఎలా ఉంటుందో ఒక్కసారి కళ్ళకు కట్టింది. బల్లలు, ఫైళ్ళు, గోడ మీద క్యాలెండరు. బాణాన్ని మెల్లగా కిందికి దించి మాన్యువల్ మీద నొక్కింది. ఓకే కొట్టి, కిటికీ మూసేసి, చల్లారిన టీ తాగేసింది.

సూర్యప్రకాశ్ గారు కారు వైపు వెళ్తూ తలుపు దగ్గర ఆగారు. "అయిందా?"

"ఇంకొంచెం ఉంది సార్."

"సోమవారం."

"గుర్తుంది సార్."

ఆ సాయంత్రం ఇంట్లో తల్లి కస్తూరమ్మ పెనం మీద రొట్టె తిప్పుతూ అడిగింది. "రేప్పొద్దున్న కూడా అంత బేగి ఎల్లాలేటి? మంచు దంచేత్తంది. ఆ కార్కానాకి నువ్వొక్కదానివే దొరికినావేటి?"

"సుబహ్ ఫోన్ ఆతా హై, అమ్మా. పొద్దున్నే చేస్తారు."

"ఎవుల కాడ్నించి?"

"వైజాగ్ నుంచి. సరుకు కొనే పార్టీవాళ్ళు."

"తెలుగోలేటి?"

"ఊఁ."

కస్తూరమ్మ రొట్టె మీంచి కళ్ళెత్తి కూతురి మొహం చూసింది. దేవిశ్రీ కంచంలోకి వంగి ఉంది. కస్తూరమ్మ రొట్టె దించి కంచంలో వేసింది. "మఫ్లరు కట్టుకోనెల్లు," అంది.

శనివారం పొద్దున్న మంచు మరీ దట్టంగా ఉంది. సాక్చిలో ఎక్కిన మినీబస్సు ఖర్కాయి బ్రిడ్జి ముందర ఆగిపోయింది. బ్రిడ్జి మీద ఒక లారీ అడ్డం తిరిగి ఇరుక్కుందన్నారు. డ్రైవరు ఇంజను ఆపేసి బీడీ ముట్టించాడు. దేవిశ్రీ కాసేపు చూసి, దిగి నడవడం మొదలుపెట్టింది. ఆగిపోయిన లారీల దీపాలు పసుపుపచ్చగా, ఒక్కో దాని వెనక ఇంకొకటి, బ్రిడ్జి పొడుగునా ఉన్నాయి. కింద నది వినపడుతోంది గానీ కనపడటంలేదు. ఆమె మొదట నడిచింది, తర్వాత పరిగెత్తింది.

గేటు దాటేసరికి ఫోను మోగి ఆగిపోయింది. తాళం తీసేసరికి మళ్ళీ మొదలైంది.

"వచ్చేశానండి, బస్సు..." అంటూ ఆపేసింది. అవతల పోలరాజు ఆమెతో మాట్లాడటంలేదు. అతని పక్కన ఎవరో గట్టిగా అరుస్తున్నారు. రిసీవరుకు అతను చెయ్యి అడ్డం పెట్టినట్టున్నాడు, అయినా మాటలు వినపడుతూనే ఉన్నాయి.

"రోజూ పొద్దున్నే ఇదే పాటా? లిస్టేదయ్యా? మీటింగులో నేనేం చెప్పాలి, ఏ క్రేను విప్పమనాలి? ఉత్త చేతుల్తో వెళ్ళి వెర్రిమొహం వేసుకుని కూర్చోమంటావా? ఈ పోలరాజు అనేవాడు ఎందుకు మనకి అని పైవాళ్ళు అడుగుతున్నారు. ఈసారి నీ కాంట్రాక్టు కాయితం వస్తే నేను సంతకం పెట్టను. ముందే చెప్తున్నా."

"వచ్చేత్తాది సార్. వాళ్ళు లైన్లోనే ఉన్నారు."

తలుపు దభీమని పడింది. తర్వాత పోలరాజు గొంతు ఎప్పటిలాగే వచ్చింది. "ఆఁ, దేవిశ్రీ గారూ. పేజీ రాలేదండీ."

"ఎవరండి అది?"

"మా సారండి. మీటింగు తొందరలో ఉన్నారు."

"రోజూ ఇలాగే అంటారా మిమ్మల్ని?"

"రోజూ కాదండి. అప్పుడప్పుడు."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"చెప్తే ఏటవుతాదండి? మీరు చలిలో ఇంకా ముందర బయల్దేరతారు. అంతే కదా." అతను గొంతు సవరించుకున్నాడు. "మీ యజమానికి ఫిర్యాదు రాయమన్నారండి మొన్న. నేను రాయలేదు. రాత్తే అది తిరిగి తిరిగి మీ మీదే పడతాదని తెలుసు కదండి నాకు."

నిన్న మధ్యాహ్నం దేవిశ్రీ వేలు ఎక్కడ ఆగి, ఎక్కడికి దిగి, దేని మీద నొక్కిందో ఆ వేలికే గుర్తొచ్చినట్టయింది.

"పోలరాజు గారూ, ఇవాళ కొంచెం ఎక్కువసేపు పడుతుంది. ఉంటారా?"

"ఉంటానండి."

పేరు కొట్టి లోపలికి వెళ్ళింది. నల్ల కిటికీ తెరవలేదు. సర్వీసుల వరస తెరిచి, తన దాని మీదికి వెళ్ళి, ఆ గడిలో మాట మార్చింది. ఈసారి ఆగలేదు. ఆగితే మళ్ళీ చేయలేదని భయం. ఓకే కొట్టి, కంప్యూటరును మూసి మళ్ళీ లేవమంది. తెర నల్లబడింది. లోపల ఫ్యాను తిరగడం ఆగి మళ్ళీ మొదలైంది. తెర మెల్లగా లేచి, పేరూ పాస్‌వర్డూ అడిగే చోట ఆగింది. ఆమె రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుంది.

"చూడండి," అంది.

"లేచిందా అండి?"

"మీరు చూడండి."

అవతల మీటల చప్పుడు. తర్వాత ఎదురుచూపు. అతని వైపు నుంచి క్రేను హారన్ ఒకటి దూరంగా మోగి ఆగింది. ఇక్కడ పేరు అడుగుతున్న తెర మీద సన్నటి గీత ఒకటి వెలుగుతూ ఆరుతూ ఉంది.

"వచ్చీసిందండి. మొత్తం వచ్చీసింది."

"నేను పేరు కూడా కొట్టలేదు. దానంతట అదే లేచింది." తన గొంతు మామూలుగానే ఉన్నందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది. "ఇంక రోజూ ఇలాగే. పొద్దున్న మా ముసలయ్య మెయిన్ వేస్తే చాలు, మీకు పేజీ వచ్చేస్తుంది. నేను వచ్చినా, రాకపోయినా."

"చాలా మంచి పని చేసారండి."

"ఊఁ."

"మరి ఫోను..."

"ఇంక అక్కర్లేదు కదండి."

"అవునండి," అన్నాడు పోలరాజు. "అక్కర్లేదు," అన్నాడు మళ్ళీ, తనకు తాను చెప్పుకుంటున్నట్టు.

ఎవరూ పెట్టలేదు.

"మీకు మీటింగుకి టైమవుతోంది," అంది దేవిశ్రీ.

"అవుతోందండి. లిస్టు తీసుకెళ్ళి ఇచ్చీవాలి." ఊపిరి తీసుకున్న చప్పుడు వినపడింది. "ఉంటానండి మరి."

సోమవారం సూర్యప్రకాశ్ గారు కంప్యూటరును తానే ఆర్పి, లేపి, ఎవరూ పేరు కొట్టకుండానే తన గదిలోంచి పేజీ తెరిచి చూసుకుని, "శభాష్," అన్నారు. భార్గవ్ తన మెయిలు చూసుకున్నాడు. పేజీకి ఏమీ కాలేదు.

దేవిశ్రీ ఆ వారమంతా ఎప్పటి బస్సుకే వచ్చింది. ముందు బయల్దేరవలసిన పని లేదని తెలుసు, అయినా కళ్ళు అదే వేళకు తెరుచుకుంటున్నాయి. తాళం తీసేది. లైటు వేసేది. ఫోను బల్ల మీద నల్లగా, బుద్ధిగా కూర్చుని ఉండేది. ఎవరు ఎప్పుడు పేజీ తెరిచారో ప్రోగ్రాము ఒక ఫైలులో రాసుకుంటుంది. వచ్చీరాగానే అది తీసి చూసేది. పొద్దున్నే విశాఖ నుంచి ఒకరు తెరిచినట్టు ఒక వరస ఉండేది. అంకెలూ చుక్కలూ తప్ప అందులో ఏముంటుంది? ఆ వరసను కాసేపు చూసి మూసేసేది.

ఒకరోజు కొత్త పార్టీ ఎవరో వస్తే సూర్యప్రకాశ్ గారు వాళ్ళను యార్డంతా తిప్పి చూపిస్తున్నారు. దేవిశ్రీ కొలతల కాయితాలు పట్టుకుని వాళ్ళ వెనక నుంచి వెళ్తోంది. "మా సరుకు ఎక్కడుందో మీరు మీ ఊళ్ళో కూర్చునే చూసుకోవచ్చు, ఇరవై నాలుగు గంటలూ," అంటున్నారాయన. "మా అబ్బాయి పెట్టాడు." భార్గవ్ ఆ పక్కనే ఉన్నాడు. ఆమెను చూశాడు. చూసి, వంగి బూటు తాడు బిగించుకున్నాడు.

ఆ సాయంత్రమే ఆయన ఆమెను పిలిచారు. "దేవీ, అది ఇప్పుడు దానంతట అదే నడుస్తోంది కదా. నువ్వక్కడ కూర్చోవడం దేనికి? స్టోర్సులో మనిషి కావాలి. రేపట్నుంచి అక్కడ చూడు. నీ బల్ల భార్గవ్ వాడుకుంటాడు."

ఆమె ఏదో అనబోయింది. ఆయన అప్పటికే వేరే కాయితం చేతిలోకి తీసుకున్నారు. సొరుగులోంచి దువ్వెన, స్టీలు గ్లాసు, పుస్తకం తీసుకుని సంచిలో వేసుకుంది.

స్టోర్సులో ఫోను లేదు. చక్రాలు నేల మీద వరసగా పడుకుని ఉంటాయి, ఒంటి మీద సుద్దతో నంబర్లతో. వచ్చినవి దించుకోవడం, వెళ్ళేవి ఎక్కించడం, లిస్టు కొట్టడం. ఆమె కొట్టిన లిస్టే రేపు పొద్దున్న విశాఖలో పేజీ అయి తెరుచుకుంటుంది. అతను చూసేది తన వేళ్ళు కొట్టినదే అన్న ఊహ మొదటిరోజు బాగానే ఉంది. తర్వాత్తర్వాత అది కూడా సరిపోలేదు. పళ్ళచక్రం, రెండు, రవాణా అయినది. అందులో తను ఎక్కడ?

ఒకరోజు మధ్యాహ్నం చలానా మీద సంతకం కోసం ఆఫీసు గదికి వెళ్తే, భార్గవ్ తెర మీంచి తలెత్తకుండానే అన్నాడు.

"దీదీ, సుబహ్ కిసీ కా ఫోన్ ఆయా థా. కోయీ తెలుగు వాలా. బోలా పేజ్ నహీ ఆ రహా."

"క్యా?"

పొద్దున్న ఎవరో తెలుగాయన ఫోను చేశాడట. పేజీ రావటంలేదన్నాడట. భార్గవ్ చూస్తే బాగానే వస్తోంది. ఆ మాటే చెప్పాడు. కాసేపటికి ఆయన మళ్ళీ చేసి, పేజీ రావటంలేదనే అన్నాడట. ఈ కుర్చీలో ఉండే ఆమె ఉద్యోగం మానేశారా అని కూడా అడిగాడట.

"ఫిర్?" అంది దేవిశ్రీ.

"ఫిర్ క్యా. మైనే బోల్ దియా, వో స్టోర్ మే హై, పేజ్ ఏక్‌దమ్ ఠీక్ హై, ఫోన్ మత్ కరో." ఆమె స్టోర్సులో ఉంది, పేజీ బాగానే ఉంది, ఇక ఫోను చేయొద్దు అని చెప్పేశాడట.

ఆమె బల్ల మీదికి వంగి మౌసు అందుకుంది. భార్గవ్ కుర్చీ వెనక్కి జరిపాడు. ప్రోగ్రాము రాసుకునే ఫైలు తెరిచింది. పొద్దున్నుంచి సర్వీసు ఒక్కసారైనా ఆగలేదు. విశాఖకు ఎప్పటిలాగే పేజీ ఇచ్చింది. ఏ తప్పూ లేదు.

"ఠీక్ హై న?" అన్నాడు భార్గవ్.

"ఠీక్ హై," అంది. చలానా అక్కడే మర్చిపోయి యార్డులోకి వచ్చేసింది. ఒక లారీ వెనక్కి వస్తుంటే క్లీనరు అరిచి ఆమెను పక్కకి తప్పుకోమన్నాడు.

మర్నాడు పొద్దున్న ఆమె సాక్చి గోల్‌చక్కర్ కూడలి దగ్గర దిగి, మినీబస్సులు ఆగే వైపు కాకుండా, ఎదురుగా అప్పుడే షట్టరు ఎత్తుతున్న ఎస్టీడీ బూతు వైపు నడిచింది. బూతు ఆయన అగరొత్తి ముట్టించుకుంటూ లోపలికి చూపించాడు. అద్దాల గదిలో ఒక స్టూలు, ఒక ఫోను. నంబరు ఎక్కడా చూసుకోనక్కరలేకపోయింది, అది రోజూ చూసే చలానాల మీద ఉన్నదే. ఇన్నాళ్ళూ అతనే చేశాడు. తను చేయడం ఇదే మొదటిసారి.

అవతల మోగుతోంది. ఇంకా రాలేదేమో అనుకుంది. వచ్చి ఉండకపోతే బాగుండునని కూడా అనుకుంది.

"హలో?"

"నేనండి."

పోలరాజు గొంతు గుర్తుపట్టి, "ఎక్కడ్నించండి?" అన్నాడు. "ఆఫీసు నుంచేనా?"

"కాదు. బైట, బూతు నుంచి."

"ఏటైనా అయ్యిందా అండి?"

"ఏం కాలేదు. మీ సారు ఎలా ఉన్నారు?"

"ఇప్పుడు బాగున్నారండి. లిస్టు టైముకి అందుతోంది కదా. నా కాయితం మీద సంతకం కూడా పెట్టారు."

"మంచిదండి." ఆమె ఫోను తీగను వేలికి చుట్టుకుంది, విప్పింది. "నిన్న పేజీ రాలేదని చెప్పారట."

"...చెప్పానండి."

"నిన్నంతా నడుస్తూనే ఉంది. నేను చూశాను."

"తెలుసండి," అన్నాడు పోలరాజు.

అద్దం అవతల మినీబస్సు వచ్చి ఆగింది. కండక్టరు బిష్టుపూర్, ఆదిత్యపూర్ అని అరుస్తూ బండి రేకు మీద కొడుతున్నాడు. రోజూ తన బండి ఎక్కే ఆమెను చూసి, రమ్మన్నట్టు చెయ్యి ఊపాడు. దేవిశ్రీ అతని వంక చూస్తూ నిలబడింది. తెరుచుకోవలసిన పేజీ ఏదీ లేదు. ఫోను పట్టుకుని ఉండటానికి ఇవాళ ఇద్దరిలో ఎవరికీ ఏ పనీ లేదు. అయినా అవతల పెట్టేసిన చప్పుడు లేదు.

"పోలరాజు గారూ," అంది. "మీ ఇంట్లో ఎవరెవరుంటారండి?"

అడిగేశాక తీగను మళ్ళీ వేలికి చుట్టుకుంది. వినకూడనిది వినవలసి వస్తుందేమో. అయినా మాటను వెనక్కి తీసుకోవాలనిపించలేదు.

"ఇన్నాళ్ళకి అడిగారండి," అన్నాడతను మెల్లగా. "చెప్పాలంటే కొంచెం సేపు పడతాదండి. మీకు బస్సుకి టైమైపోదూ?"

కండక్టరు ఇంకొకసారి పిలిచి, ఫుట్‌బోర్డు మీదికి ఎక్కాడు. మినీబస్సు కదిలి, గోల్‌చక్కర్ చుట్టూ తిరిగి, మంచులోకి వెళ్ళిపోయింది.

"లేదండి," అంది దేవిశ్రీ, స్టూలు దగ్గరికి లాక్కుని కూర్చుంటూ. "చెప్పండి."